పుట్టింటికి వెళ్ళిన పిల్లి

నేను కాపురానికి వచ్చినప్పుడు నా వెంట ఒక ట్రంకు పెట్టె, రెండు ఇత్తడి బిందెలు, సారె అరిసెలు, ఒక పిల్లి వచ్చాయి. మా అత్తగారు బిందెలకు సొట్టలున్నాయన్నారు. అరిసెలు గట్టిపడ్డాయన్నారు. ట్రంకు పెట్టె తాళం సరిగ్గా పడడం లేదన్నారు. నన్ను చూసి మనిషి మరీ పీలగా ఉందన్నారు. పిల్లిలో మాత్రం ఆవిడకు ఏ లోపమూ కనపడలేదు.

నిజానికి పిల్లిని ఆవిడే అడిగి తెప్పించుకున్నారు. బందరులో మా అత్తవారిల్లు గొడుగుపేటలో ఉండేది. వెనక గది నిండా ధాన్యం బస్తాలు, బస్తాల సందుల్లో ఎలుకలు. పెళ్ళిలో అందరూ మర్యాదల గురించి మాట్లాడుకుంటుంటే ఈవిడ మా నాన్నను పక్కకు పిలిచి, "మీ దివిసీమ పిల్లులు ఎలుకల్ని బాగా పడతాయిట కదండీ, అమ్మాయితో పాటు ఒకదాన్ని పంపించండి," అన్నారట. నాగాయలంక దగ్గర మా ఊరు. అక్కణ్ణించి బందరు దాకా బస్సులో, నా ఒళ్ళో వెదురుబుట్ట, బుట్టలో పిల్లి. అదీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కండక్టరు జాలిగా బుట్ట వైపు చూశాడు.

వచ్చిన రోజునుంచీ దాని పేరు "తల్లీ, బంగారుతల్లీ". నా పేరు "ఏమే".

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ నా చిన్నతనంలోనే కాన్పులో పోయింది. చంకలో బిడ్డ ఇంకా నడక నేర్వలేదు, మళ్ళీ కడుపు. ఆ కాన్పుతోనే వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో ఆవిడ గోళ్ళు కూడా తెల్లగా పాలిపోయి ఉండేవి. నేను ఆ చేతులు పట్టుకుని కూర్చునేదాన్ని. అందుకని నాకు పెళ్ళంటే భయం లేదు, కాన్పంటే కూడా అంత భయం లేదు, కాన్పు మీద కాన్పు అంటే మాత్రం గుండె జారిపోయేది. నేనూ అమ్మలాగే పోతానేమోనని భయం. ఈ భయం ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో అలాంటి మాటలు మాట్లాడుకునే వాడుక లేదు.

మా వైపు ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళుతుంది. ఏడో నెలలో వెళ్ళి, బిడ్డకు ఐదో నెల వచ్చాక ఉయ్యాలతో, సారెతో తిరిగి వస్తుంది. అందరూ దాన్ని ముచ్చట అంటారు. ఆ ముచ్చటలో ఆడదాని ప్రాణం దాచిపెట్టి ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ ఐదు నెలలూ ఆమె తల్లి పక్కన పడుకుంటుంది. మొగుడు చుట్టపుచూపుగా వచ్చి, భోంచేసి, బిడ్డను ఎత్తుకుని, బస్సెక్కి వెళ్ళిపోతాడు. నాకు తల్లి లేదు. తల్లి లేని పుట్టింటికి పురిటికి పంపరు.

"తల్లి లేని పిల్లవి. నీ పురుళ్ళన్నీ నేనే పోస్తాను," అన్నారు అత్తగారు. మాట తప్పలేదు. మూడూ ఆవిడే పోశారు.

మొదటిసారి నేనూ పిల్లీ ఒకే వానాకాలంలో కన్నాం. అది నాకంటే కొన్నాళ్ళు ముందు. దాని పురిటిగది బీరువా. అందులో పెడన నుంచి తెచ్చిన కలంకారీ దుప్పటి ఉండేది, పెళ్ళికి మా ఆయన తరఫువాళ్ళు కొన్నది. ఆ గుడ్డను అద్దకానికి ముందు పాలలో, కరక్కాయ రసంలో నానబెడతారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పిల్లి ముక్కుకు ఆ పాలవాసన తగిలినట్టుంది. ఎర్ర పువ్వుల మధ్య నాలుగు కూనల్ని పెట్టుకుని మహారాణిలా పడుకుంది. నేను ఆ దుప్పటి ఒక్కసారైనా కప్పుకోలేదు. అది పురిటిదుప్పటి అయిపోయింది.

"పోనీలే, తల్లి! ఎంత తెలివో చూశావుటే, మెత్తటి చోటు చూసుకుంది," అని అత్తగారు మురిసిపోయారు. నా పురిటికి వెనక వసారాలో నులకమంచం వేయించారు.

తర్వాత పథ్యం మొదలైంది. బాలింతరాలికి ఏం పెట్టాలో మా అత్తగారి దగ్గర తిరుగులేని శాస్త్రం ఒకటి ఉండేది. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి, పొద్దున్నే శొంఠి, మిరియాలు దంచి చేసిన కాయం ముద్ద. పెరుగు ముట్టరాదు, పాలు ముట్టరాదు, నీళ్ళు గుక్కెడు, అవీ కాచినవి. బాలింత అంటే బాలింతే గనక, ఆవిడ అదే పథ్యం పిల్లికీ పెట్టారు. బీరువా ముందు పీట వేసుకుని కూర్చుని, వెల్లుల్లి కారం కలిపిన ముద్ద దాని ముక్కు దగ్గర పెట్టారు. అది వాసన చూసి, తుమ్మి, ముందరి కాలితో నేలను రెండుసార్లు గోకి, పక్కకు తిరిగి పడుకుంది.

"నోరు చేదుగా ఉందేమోనే దానికి," అన్నారు అత్తగారు. కుంపటిలో సాంబ్రాణి వేసి బీరువాకు పొగ పట్టారు. పిల్లి ఒక్క దూకులో గోడ దాటి, పక్కింటివాళ్ళ వంటింట్లో పాలగిన్నె ఖాళీ చేసి వచ్చింది. నాకు గోడ దూకడం చేతకాదు. నేను ఆ ముద్ద తిన్నాను.

మూడు రోజులకు అత్తగారు పిల్లి విషయంలో శాస్త్రాన్ని సడలించారు. "మూగజీవం, దానికేం తెలుసు?" అని గిన్నెడు పాలు పోశారు. మూగజీవం కానందుకు నేను మొట్టమొదటిసారి విచారించింది అప్పుడే.

నెల తిరగకుండానే నేను వంటింట్లోకి వచ్చాను. మూడో నెల రాకముందే నా పక్క మళ్ళీ మా గదిలో పడింది. నా బిడ్డ పాకే వేళకు నాకు మళ్ళీ వేవిళ్ళు. పిల్లి నాకంటే చురుకైనది. దాని కూనలు ఇంకా పాలు తాగుతూనే ఉన్నాయి, కింద పొట్ట వేలాడుతోంది. ఒకనాడు అత్తగారు దాన్ని ఎత్తుకుని పొట్ట తడిమి, గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్యో అయ్యో, ఒళ్ళు ఆరకుండానే మళ్ళీనా? దీని వెన్నెముక చూడవే, చేతికి తగుల్తోంది. ఇలా అయితే ఎలా బతుకుతుందే ఇది?"

నేను పొయ్యి దగ్గర కూర్చుని గొట్టం ఊదుతున్నాను. నా వెన్నెముక కూడా చేతికి తగిలేదే, తగిలించి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది గాని.

ఆ కడుపుతో ఉన్నప్పుడు పిల్లి అన్నం మానేసింది. మాది చేప పేరెత్తని ఇల్లు. ఆ వీధిలో చేపలమ్మి కేక కూడా వేయదు, తలమీద గంప పెట్టుకుని గబగబా నడిచి దాటిపోతుంది. గిలకలదిండి నుంచి వచ్చేది. మా అత్తగారు ఆమెను పెరటి దొడ్డి దగ్గర ఆపారు.

"ఏమే, చిన్నవి ఏమైనా ఉన్నాయా?"

చేపలమ్మి గంప దించింది. "ఏంటమ్మగారూ! తమరు సేపలు కొంటారా?"

"నాకు కాదే. చూలాలు ఉంది ఇంట్లో. కోరిక తీర్చకపోతే పుట్టేవాళ్ళకి చెవుల్లోంచి చీము కారుతుంది."

చేపలమ్మి పెరట్లో ఉన్న నా పొట్ట వైపు తొంగి చూసింది. ఆమెకు నవ్వొచ్చింది, దాచుకుంది. "పాపం సిన్నమ్మగారికి మనసైందా? మంచియి ఏరి ఇత్తానుండండి."

"ఛీ ఛీ, దానిక్కాదు, పిల్లికి!" అని అత్తగారు కసిరారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేతిలో తామరాకు చాపి, చిన్న చేపలు వేయించుకుని, బావి దగ్గర పిల్లికి పెట్టి, అది తినేదాకా నిలబడి, తర్వాత నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. వారం రోజుల పాటు ఆవిడ రోజుకు రెండుసార్లు తలస్నానం చేశారు. పట్టుదల మనిషి.

నాకు ఆ నెలల్లో కోనేరు సెంటర్లో అమ్మే హల్వా మీదికి మనసు పోయింది. నేతిలో మెరుస్తూ, వేలితో నొక్కితే జారిపోయేటట్టు ఉండేది. ఒకసారి సిగ్గు విడిచి అడిగాను.

"వేడి చేస్తుంది," అన్నారు అత్తగారు. నా కడుపులో వాడి చెవుల సంగతి ఆవిడకు పట్టలేదు. వాడి చెవులు నిక్షేపంలా ఉన్నాయి, వినడమే తక్కువ.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆయన ఈ ఇంట్లో లేరనుకుంటారు. కోర్టులో గుమాస్తా. మెత్తని మనిషి. గొంతెత్తి మాట్లాడింది నేనెరగను. చీమను తొక్కితే ఆగి చూసే రకం. పిల్లి మూడో ఈతకు ఎముకల గూడయింది. కూనలు పీకుతుంటే అరిచే ఓపిక కూడా లేక కళ్ళు మూసుకుని పడి ఉండేది. అది చూసి ఆయన అన్నం సగంలో వదిలేశారు.

"దాని ఒంట్లో రక్తం లేదమ్మా. ఇంకో కాన్పు వస్తే అది చస్తుంది," అన్నారు.

నా మూడో బిడ్డకు అప్పుడు నెల దాటిందేమో. నేను అన్నం వడ్డిస్తున్నాను. కళ్ళు తిరిగితే గోడ పట్టుకున్నాను. గోడను ఎందుకు పట్టుకున్నానని ఎవరూ అడగలేదు. పిల్లికి వినపడకుండా మెల్లిగా మాట్లాడుకుంటున్నారు.

పెరట్లో ఒంటిచెవి గండుపిల్లి ఒకటి తిరిగేది. తల తాటికాయంత. సాయంత్రమైతే గోడమీద కూర్చుని గొంతు సాగదీసి పిలిచేది. దాన్ని దగ్గరకు రానివ్వకూడదని తల్లీ కొడుకులిద్దరూ తీర్మానం చేశారు. ఆ రోజు నుంచి మా ఆయన కోర్టు నుంచి రాగానే చొక్కా విప్పి, కాఫీ తాగి, పెరటి అరుగుమీద గొడుగు పట్టుకుని కాపలా కూర్చునేవారు. గండుపిల్లి గోడమీదికి రాగానే గొడుగు ఫట్టున విప్పేవారు. అది బెదిరి దూకేది.

"సిగ్గు లేదూ నీకు? దాని ఒళ్ళు ఆరనివ్వవూ?" అని దాన్ని నిజంగా తిట్టేవారు, మనిషిని తిట్టినట్టు. నేను వంటింటి కిటికీలోంచి వినేదాన్ని. ఆయన మాటల్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అంత న్యాయం తెలిసిన మనిషి పొద్దుగూకాక అరుగు దిగి, గొడుగు మూలన పెట్టి, మా గదిలోకి వచ్చేవారు. పిల్లికి ఆయన కాపలా. నాకు ఎవరూ లేరు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం తరఫున ఒక నర్సమ్మ ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. తెల్లచీర, చేతిలో సంచి. బిడ్డకీ బిడ్డకీ ఎడం ఉండాలని, లేకపోతే తల్లి ఒళ్ళు గుల్లవుతుందని, కడుపు రాకుండా వేసే లూపు అని ఒకటి వచ్చిందని, దానివల్ల ఏ ప్రమాదమూ ఉండదని చెప్పింది. నేను తలుపు చాటున ఊపిరి బిగబట్టి విన్నాను. నేను ఎవరితోనూ అనలేని మాటలు ఆమె వాకిట్లో కూర్చుని గట్టిగా అంటోంది. అత్తగారు శ్రద్ధగా విన్నారు. తల ఆడించారు. నిజమేనమ్మా, నిజమే, ఎడం లేకపోతే ఎలా బతుకుతుంది అన్నారు. నాకు దేవుడు కనిపించినట్టే అనిపించింది.

"ఆ లూపేదో పిల్లులకి కూడా వేస్తారామ్మా?" అన్నారు చివరికి.

నర్సమ్మ సంచి సర్దుకుని లేచింది. కోడలి మాట ఎత్తబోతే అత్తగారి ముఖం గంటు పెట్టుకుంది. "మా ఇంట్లో అలాంటివి లేవమ్మా. మావాళ్ళు గట్టివాళ్ళు," అన్నారు.

ఇంత కాపలా కాసినా గండుపిల్లి ఏ మధ్యాహ్నం వేళో పని చక్కబెట్టుకుపోయింది. మధ్యాహ్నం కోర్టు ఉంటుంది కదా. నాలుగో ఈతలో రెండు కూనలు పుడుతూనే చచ్చిపోయాయి. మిగిలినవాటిని గుడివాడలో ఉన్న మా ఆడపడుచు ద్వారా పెంపకానికి పంపించారు. దానికి అత్తగారు సంబంధాలు చూసినంత హడావుడి చేశారు. ఇంట్లో పాడి ఉందా, అత్తగారు ఎలాంటిది, పిల్లలు తోకలు లాగుతారా అని అన్నీ వాకబు చేశారు. గుడివాడవాళ్ళు మాత్రం, "మగది ఉంటే ఇవ్వండి, ఆడదైతే వద్దండీ, ఈనుతూ కూర్చుంటుంది," అన్నారట. లోకమంతా పిల్లుల విషయంలో ఎంత ముందుచూపుతో ఉందో!

ఆ తర్వాత మా అన్నయ్య వచ్చాడు. కొత్త మినుములు బస్తా బస్సు మీద వేసుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను చూసి, మంచినీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాడు. వాడూ అమ్మ చేతులు చూసినవాడే.

భోజనాలయ్యాక అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అత్తయ్యగారూ, చెల్లాయిని నాలుగైదు నెలలు మాతో పంపండి. మా ఆవిడ చూసుకుంటుంది. కాస్త ఒళ్ళు చేసుకుని వస్తుంది."

"ఎందుకు పంపను నాయనా, నాకు మాత్రం ప్రేమ లేదూ? కానీ తల్లి లేని ఇంటికి ఏమని పంపను? పైగా ఇక్కడ ముగ్గురు పిల్లలు, ఇల్లు, మీ బావకి కోర్టు. ఎవరు చూస్తారు?" అన్నారు అత్తగారు. అంటూ అంటూ ఆవిడ కళ్ళు గడపలో పడుకున్న పిల్లి మీద పడ్డాయి. ఏదో తట్టినట్టు ముఖం వెలిగిపోయింది. "నాయనా, దీన్ని తీసుకెళ్ళు! దీనిదీ ఆ ఊరే కదా. ఐదు నెలలు పుట్టింట్లో ఉండి ఒళ్ళు ఆరబెట్టుకుని వస్తుంది. ఆ గండుపిల్లి పీడా వదుల్తుంది. అక్కడ మాత్రం గదిలో పెట్టి జాగ్రత్తగా చూడండి. ఐదో నెల దాకా బయటికి వదలొద్దు. ఇంటి పట్టున ఉంటేనే ఒళ్ళు పడుతుంది."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. అత్తగారితో వాదించే రోజులు కావవి, వాదిస్తే ఆ తర్వాత నేనే అనుభవించాలి. వాడు పిల్లిని తీసుకెళ్ళాడు.

బుట్టలో పాత చీర ముక్క పరిచి, అత్తగారు దాని నుదుట కుంకుమ కూడా పెట్టారు. దారిలో పెట్టమని పెరుగన్నం కట్టి ఇచ్చారు. మా ఆయన బస్టాండు దాకా బుట్ట మోశారు. నేను చంటిదాన్ని ఎత్తుకుని వాకిట్లో నిలబడి, మా ఊరికి వెళ్తున్న పిల్లికి వీడ్కోలు చెప్పాను. చెప్పి లోపలికి వచ్చి ధాన్యం బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. నవ్వుకోవలసిన సంగతే అని నాకూ తెలుసు. ఆ రోజు నవ్వు రాలేదు.

అది వెళ్ళిన నెలకు నాకు మళ్ళీ నెల తప్పింది.

ఈ భాగం వెక్కిరింతగా చెప్పడం నాకు చేతకాదు. నాలుగో నెలలో, బావి దగ్గర నీళ్ళు తోడుతుండగా నడుములో ఏదో తెగినట్టయింది. ఆస్పత్రికి రిక్షాలో తీసుకెళ్ళారు. రిక్షా సీటు తడిసిపోయింది. బిడ్డ నిలవలేదు. నేను నిలుస్తానో లేదో కొన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. ఆస్పత్రి మంచం మీద నా చేతులు ఎత్తి చూసుకుంటే గోళ్ళు తెల్లగా ఉన్నాయి. అమ్మ చేతులే నా చేతులకు అతికించినట్టు ఉన్నాయి. ముగ్గురు పిల్లల్ని వదిలి పోతున్నాననే అనుకున్నాను. మా ఆయన మంచం పక్కన కూర్చుని తువ్వాలుతో ముఖం కప్పుకున్నారు. పాపం, ఆయనకు నిజంగానే ఎందుకు ఇలా జరిగిందో తెలియదు.

ఇంటికి తెచ్చారు. బతికాను. అత్తగారు పథ్యం పెట్టారు. ఈసారి పాలు పోశారు, ఎవరూ అడగకుండానే. నేను మంచంలో ఉన్నంతకాలం ముగ్గురు పిల్లలనూ, ఇంటినీ, కోర్టు క్యారేజీనీ ఆవిడొక్కరే చూసుకున్నారు. ఎవరు చూస్తారన్న ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు.

ఐదో నెల నిండాక అన్నయ్య పిల్లిని తీసుకొచ్చాడు, ఆనవాయితీ ప్రకారం. వదిన దానితో పాటు మినపసున్నుండల డబ్బా పంపింది, అది నాకు. బుట్ట మూత తీయగానే బయటికి వచ్చిన జంతువును మేం పోల్చుకోలేకపోయాం. మెడ నిండింది, వీపు మెరుస్తోంది, బొచ్చు ఒత్తుగా పెరిగింది. నెమ్మదిగా ఒళ్ళు విరుచుకుని, ఇల్లు తనదే అన్నట్టు వాకిలంతా కలయజూసింది.

అత్తగారు పరుగున వచ్చి దాన్ని ఎత్తుకున్నారు. "అబ్బ, ఎంత బరువెక్కావే తల్లీ! చెయ్యి పట్టడం లేదు! చూశావుటరా అబ్బాయ్, ఎడం అంటే ఇదీ! ఐదు నెలలు దాని మానాన దాన్ని వదిలేస్తే ఎలా తయారైందో చూడు!"

మా ఆయన కూడా సంబరంగా దాని గడ్డం కింద గోకారు. నేను మంచం దిగి వద్దామని లేవబోయాను. కాళ్ళు నిలవలేదు. అత్తగారు పిల్లిని ఎడమ చంకలో పెట్టుకునే, కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుని లేపబోయారు. నా గాజులు మణికట్టు నుంచి జర్రున జారి మోచెయ్యి దాటి పైకి పోయాయి. ఆవిడ వేళ్ళు నా చేతి చుట్టూ తిరిగి, ఒకదాన్నొకటి దాటి, ఇంకా చోటు మిగిలింది.

ఆవిడ అలాగే ఉండిపోయారు. ఒక చేతిలో పిల్లి, ఇంకో చేతిలో నేను. పిల్లి వైపు చూశారు, నా వైపు చూశారు. పిల్లిని కిందికి దించేశారు. దించేశారంటే మెత్తగా కాదు, వదిలేశారు. అది అవమానపడి వెళ్ళిపోయింది.

నా చెయ్యి వదలకుండా, "దీన్ని కదా పంపమన్నాడు వీళ్ళన్నయ్య," అన్నారు. ఎవరితోనూ కాదు.

తర్వాత నన్ను కూర్చోబెట్టి, గదిలోకి వెళ్ళి, మా ఆయన పరుపు చుట్టచుట్టి, రెండు చేతులా కావలించుకుని, ఆయాసపడుతూ వీధి అరుగుమీద పడేశారు. అన్నయ్య సాయం చేయబోతే అక్కర్లేదన్నారు. మా ఆయనకు మొదట ఏమీ అర్థం కాలేదు. పరుపు దులపడానికనుకున్నారు.

"ఇవాళ్టి నుంచి నీ పడక ఇక్కడరా. కోడలు నా దగ్గర పడుకుంటుంది."

ఆయన అన్నయ్య వైపు చూసి, సిగ్గుతో తల దించుకుని, "ఎన్నాళ్ళమ్మా?" అన్నారు.

"నేను చెప్పేదాకా. చెప్పకపోతే చెప్పకపోయినట్టే."

ఆయన పరుపు సరిచేసుకుని దాని అంచు మీద కూర్చున్నారు. కోపం రాలేదు ఆయనకు, అది ఒప్పుకోవాలి. కాసేపటికి లేచి లోపలికి వచ్చి, నా ముందు నిలబడి, "నాకు తెలీలేదు," అన్నారు. ఆ మాట నిజమేనని నాకు తెలుసు. పిల్లి గురించి అంత తెలిసిన మనిషికి నా గురించి తెలియకపోవడం అబద్ధం కాదు, అదే బాధ.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాశారు. జుట్టు ఊడి చేతికి వస్తుంటే ఆ పోగుల్ని వేలికి చుట్టి పక్కన పెడుతున్నారు. నాకు ఎప్పటినుంచో గొంతులో అడ్డం పడి ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"పిల్లిని చూసినప్పుడల్లా మీకు తెలిసింది కదండీ అత్తయ్యా. నన్ను చూస్తే ఎందుకు తెలీలేదు?"

ఆవిడ చేయి ఆగింది. కోపగించుకుంటారనుకున్నాను.

"నాకు తొమ్మిది కాన్పులు. ఐదుగురు పోయారు. నా ఒళ్ళు ఆరిందో లేదో ఒక్కరూ చూడలేదు. ఆడదంటే అంతే అనుకున్నాను, అది వేరే విధంగా ఉండొచ్చని నాకు ఎవరు చెప్పారు?" అని, నూనె గిన్నె పక్కకు జరిపి, "ఆ పిల్లిని ఎత్తుకున్నప్పుడల్లా నన్ను నేను ఎత్తుకున్నట్టుండేది," అన్నారు.

నేను వెనక్కి తిరిగి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్నాను. ఆవిడ నూనె చేతులు అలాగే నా వీపు మీద వేసి, వెన్నెముక పొడుగునా వేళ్ళతో తడిమి చూశారు. ఎముక ఎముకకూ ఆగి చూశారు. చాలాసేపు ఇద్దరం అలాగే కూర్చుని ఏడ్చాం.